ఎనభై నాలుగో పేజీ

"ఎనభై నాలుగో పేజీ రాసింది ఎవరండీ?"

ఆఫీసులో ఉన్న ఏడుగురూ తలెత్తి చూశారు. గుమ్మంలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. చేతిలో వాళ్లు అచ్చువేసిన సిటీ గైడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, గోళ్ల సందుల్లో ఎర్ర పెయింటు. చెవి వెనక సన్నటి బ్రష్షు ఒకటి ఇరుక్కుని ఉంది. అది అక్కడుందన్న సంగతి అతనే మరిచిపోయినట్టున్నాడు.

ఏడుగురిలో ఆరుగురు ఏడో మనిషి వైపు చూశారు. తోటి ఉద్యోగులతో వచ్చిన చిక్కే అది. పట్టించడానికి వాళ్లకి వేలు చూపించాల్సిన పని కూడా ఉండదు.

ఆ ఏడో మనిషే మన కథలో అమ్మాయి. ఈ మహానగరంలో ఏ పేటలో బస చేస్తే బాగుంటుంది, ఏ పేటకి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తే చాలు, ఏ పేటకి అసలు వెళ్లకపోయినా నష్టం లేదు అన్నది తేల్చి రాయడం ఆమె ఉద్యోగం. గైడులో 'ఎక్కడ ఉండాలి' అనే అధ్యాయం మొత్తం ఆమెదే. నాలుగేళ్లుగా కాళ్లరిగేలా తిరిగి రాస్తోంది. ఆ తిరుగుడంటే ఆమెకి ప్రాణం.

"నేనే. చెప్పండి," అంది.

"చెప్పాల్సింది మీరే చెప్పేశారుగా. చదవమంటారా?" అని పుస్తకం తెరిచాడు. "ఈ పేటలో జనసంచారం లేదు. దుకాణాలు మూతపడి ఉన్నాయి. చూడదగినది ఏదీ కనిపించదు. బస మరోచోట చూసుకోవడం మేలు. అంతే, నాలుగు వాక్యాలు. మా పేటలో ఉండేది నలభై వేల మంది. అంటే వాక్యానికి పదివేల మందిని తీసి అవతల పారేశారు."

"నేను చూసిందే రాశానండీ."

"ఏ కళ్లతో చూశారు?"

"ఉన్న రెండింటితోనే." ఆమెకీ ఒళ్లు మండింది. "నాలుగు రోడ్ల దగ్గర గంటసేపు నిలబడి వచ్చేపోయే వాళ్లని లెక్కపెడతాను. ప్రతి పేటకీ అదే పద్ధతి. ఆ గంటలో మీ పేటలో పదకొండు ప్రాణాలు కనిపించాయి. అందులో మూడు కుక్కలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను నవ్వలేదు.

"మా అత్తకి అక్కడ ఎనిమిది గదుల లాడ్జి ఉంది. పోయిన వారం ఇద్దరు దిగారు. సూట్‌కేసులు దింపారు, టీ తాగారు, ఈ పుస్తకం తీసి చూశారు, సూట్‌కేసులు మళ్లీ ఎక్కించారు. నేను బోర్డులు రాస్తానండీ, అదే నా పని. 'గదులు ఖాళీ' అని అత్తకి బోర్డు రాసిచ్చింది నేనే. వెనక వైపు 'ఖాళీ లేదు' అని కూడా రాశాను. మూడేళ్లయింది. ఆ వైపు ఇంతవరకూ వీధి మొహం చూడలేదు. మా అత్త ఎవరినీ ఏమీ అనే మనిషి కాదు. అందుకే పని లేని రోజు చూసుకుని నేనొచ్చాను."

అప్పటికి అద్దాల గదిలోంచి సంపాదకురాలు బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి, ఆఫీసులో అందరికీ మేడమ్. ఆవిడ అతన్నీ, అతని చెవి వెనక బ్రష్షునీ, పుస్తకాన్నీ వరసగా చూసి అమ్మాయి వైపు తిరిగింది.

"కొత్త ఎడిషన్ వచ్చే గురువారం ప్రెస్సుకి వెళ్తుంది. రేపు పొద్దున్నే వెళ్లి ఆ పేటలో ఉండు. గంట కాదు, వారం. నువ్వు రాసింది ఒప్పయితే అలాగే ఉంచుదాం. తప్పయితే తప్పొప్పుల పేజీలో వేద్దాం."

అమ్మాయి గబుక్కున కుర్చీలోంచి లేచింది. ఎందుకో ఆ ఆరుగురికీ తెలుసు. గైడు చివర తప్పొప్పుల పేజీ ఒకటుంటుంది. ఎవరు తప్పు రాశారో వాళ్ల పేరుతో సహా సవరణ అచ్చవుతుంది. మూడు సవరణలు పడ్డ మనిషిని ఇక వీధుల్లోకి పంపరు, డెస్కు దగ్గర కూర్చోబెట్టి ప్రూఫులు దిద్దిస్తారు. ఆమె పేరు మీద ఇప్పటికే రెండున్నాయి. ఒకసారి బస్సు నంబరు తప్పు పడింది, ఇంకోసారి లిఫ్టు లేని మేడకి లిఫ్టు ఉందని రాసింది. మూడోది పడిందంటే ఊరంతా తిరిగే మనిషిని కుర్చీకి కట్టేసినట్టే.

"ఐదో గది బాగుంటుంది. గాలొస్తుంది," అన్నాడు బోర్డులబ్బాయి వెళ్తూ వెళ్తూ. పిలిచాడో, సవాలు విసిరాడో ఆమెకి అర్థం కాలేదు.

బుధవారం పొద్దున ఆమె బస్సు దిగి, అదే నాలుగు రోడ్ల దగ్గర సూట్‌కేసుతో నిలబడి, నోరు వెళ్లబెట్టింది.

ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక వీధి నిండా అద్దాలు కోసే దుకాణాలు, పలక మీద గోరు గీసినట్టు కీచుమంటూ చప్పుడు. పక్క వీధిలో గుండీలు, దారాలు, జిప్పులు. ఇంకో దాంట్లో త్రాసులు బాగుచేసేవాళ్లు, ఫోటోలకి ఫ్రేములు కట్టేవాళ్లు. తోపుడు బళ్లవాళ్లు "పక్కకి, పక్కకి" అంటూ ఆమెని ముగ్గురు మూడు వైపులా తోశారు. నాలుగోవాడు తోయబోతే తనే పక్కకి తప్పుకుంది.

"పదకొండు దాటారా?" అని వెనక నుంచి వినిపించింది. బోర్డులబ్బాయి నిచ్చెన మీద ఉన్నాడు. ఒక దుకాణం నెత్తిన సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు.

"ఇంకా లెక్కపెట్టలేదు."

"నిదానంగా లెక్కపెట్టుకోండి. కుక్కల్ని మాత్రం విడిగా రాసుకోండి."

లాడ్జి అత్తని చూడగానే ఆమెకి ఇంకా ఇబ్బందిగా అనిపించింది. తిడుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ వెళితే, ఆవిడ సూట్‌కేసు తనే అందుకుని, "ఎండన పడి వచ్చావు, ముందు మొహం కడుక్కో. తగువులు తర్వాత ఆడుకుందాం," అంది. ఆ పేటలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ని అత్తా అనే పిలుస్తారు. ఆవిడ అన్నయ్య కొడుకే మన బోర్డులబ్బాయి. పదేళ్ల వయసు నుంచీ అత్త దగ్గరే పెరిగాడు.

ఐదో గదికి నిజంగానే గాలొస్తోంది. కిటికీ కింద 'గదులు ఖాళీ' బోర్డు ఆ గాలికి కిర్రుకిర్రుమంటోంది.

ఆ రోజు సాయంత్రం ఆమె పాత నోటుబుక్కు తీసి చూసుకుంది. పదకొండు ప్రాణాలు, మూసిన షట్టర్లు. లెక్కలో పొరపాటు లేదు. మరి ఏడాదిలో ఒక పేట ఇంతలా ఎలా మారుతుంది? ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు.

మర్నాటి నుంచి పేటంతా చూపించే పని బోర్డులబ్బాయి తన మీద వేసుకున్నాడు. తన పని మానుకున్నాడని కాదు. నిచ్చెన ఒక భుజం మీద, రంగుల డబ్బా ఇంకో చేతిలో పట్టుకుని, బోర్డుకీ బోర్డుకీ మధ్య ఒక్కో వీధి చూపించాడు.

"ఇది ముందు చూడండి," అని ఒకచోట ఆపి, నడుం వంచి, తల కిందులుగా పెట్టి తను రాసిన బోర్డుని చూశాడు. "తిన్నగా చూస్తే కళ్లు చదివేస్తాయి. చదివితే తప్పు కనబడదు. ఇలా చూస్తే అక్షరం ఒంకర ఎక్కడుందో తెలిసిపోతుంది. రండి, చూడండి."

"వీధి మధ్యలోనా?"

"ఇక్కడ జనసంచారం లేదుగా. ఎవరు చూస్తారు?"

ఆమె చుట్టూ చూసి, సంచి గట్టిగా పట్టుకుని, తనూ నడుం వంచింది. తల కిందులైన వీధిలో ఒక గుండీల దుకాణం ముసలాయన ఆమెని చూసి గంభీరంగా చెయ్యి ఊపాడు. ఆమెకి నవ్వాగలేదు. ఆ నవ్వుకి తల కిందులుగా ఉన్న బోర్డులబ్బాయి చెవి వెనక బ్రష్షు జారి కింద పడింది.

"అదిగో, పోయింది," అంది.

"ఓహో, ఇక్కడుందా ఇది. పొద్దుట్నుంచీ వెతుకుతున్నా."

శుక్రవారం నాటికి ఆమె అతన్ని ఆటపట్టించడం మొదలుపెట్టింది. అతను ఆమెని 'పుస్తకం గారూ' అనడం మొదలుపెట్టాడు. అద్దాల వీధి చివర రెండు మేడల మధ్య సన్నటి సందు ఒకటుంది. అందులోంచి ఒక్కొక్కరే నడవాలి. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు వెనక్కి తగ్గాలి. ఆ సందులో ఇద్దరూ ఎదురెదురు పడి, "మీరు తగ్గండి" అంటే "మీరే తగ్గండి" అని పావుగంట నిలబడ్డారు. చివరికి ఇద్దరూ ఒకేసారి తగ్గి, చెరో వైపు నుంచి చుట్టూ తిరిగి మళ్లీ ఎదురుపడ్డారు. ఇలాంటివి గైడులో ఎలా రాయాలో ఆమెకి తెలియలేదు.

"ఇంతకీ మీరు ఎక్కడుంటారు?" అని అడిగాడు ఆ సాయంత్రం. లాడ్జి మెట్ల మీద టీ తాగుతున్నారు.

"ఈ నెలా?"

"నెలకో చోటా?"

"ఆఫీసు ఏ పేటకి పంపితే ఆ పేటలో. బస వాళ్లే చూస్తారు. నాలుగేళ్లలో పదకొండు పేటలు. సొంతానికి ఈ సూట్‌కేసే. మా అమ్మ నా అడ్రసు పెన్సిలుతో రాసుకుంటుంది. మారినప్పుడల్లా చెరిపేసి కొత్తది రాస్తుంది. ఆ కాగితం చెరిపి చెరిపి అరిగిపోయి, అవతలి పేజీ కనిపిస్తోందట." నవ్వుతూనే చెప్పింది కానీ, చెప్పాక ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. "ఫోన్ చేస్తే హలో కూడా అనదు. 'ఇప్పుడెక్కడున్నావే' అంటుంది."

"అయితే ఊరందరికీ ఎక్కడుండాలో చెప్పే మనిషికి ఒక తలుపు మీద కూడా పేరు లేదన్నమాట. నాకు నేమ్‌బోర్డుకి గిరాకీ పోయింది."

ఆమె తప్పొప్పుల పేజీ సంగతి కూడా చెప్పింది. మూడోది పడితే ఏమవుతుందో చెప్పింది. అతను విన్నాడు. టీ చల్లారిపోయినా తాగకుండా విన్నాడు.

"మీ పేట మారినందుకు నేనేం చేయను చెప్పండి. అప్పుడు అలా ఉంది, ఇప్పుడు ఇలా ఉంది," అంది చివరికి.

"మా పేట మారడమా?" అని అతను విచిత్రంగా చూశాడు. కానీ తెగేదాకా లాగలేదు.

శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. చెప్పాపెట్టకుండా వచ్చే రకం వాన. త్రాసుల వీధిలో ఇద్దరూ ఒక చూరు కింద ఇరుక్కున్నారు. రంగుల డబ్బా మీద అతను తన చొక్కా అంచు కప్పుతున్నాడు.

"మీరు తడిసినా పరవాలేదు, రంగు తడవకూడదా?"

"నేను ఆరతాను. అది ఆరదు."

"ఉండండి, నా దగ్గర గొడుగుంది." ఆమె సంచి అడుగున వెతికి గొడుగు తీసి తెరిచింది. పసుపు పచ్చ గొడుగు, అంచున తెల్ల చారలు. ఇద్దరి మీదా పట్టింది. వాన చప్పుడు దగ్గరైంది. అతను కూడా దగ్గరయ్యాడు, గొడుగు చిన్నది కాబట్టి. అతని భుజం ఆమె భుజానికి తగిలింది, ఇద్దరూ తగలనట్టు నటించారు.

అప్పుడతను గొడుగు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. వాగుడుకాయలాంటి మనిషి ఒక్కసారిగా మాట పడిపోయినట్టు ఊరుకున్నాడు. లాడ్జి దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు.

'ఏమన్నాను నేను?' అని ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. ఇష్టమైనవాళ్లు ఊరుకుంటేనే నిద్ర పట్టదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. తెలిసి కంగారు పడింది కూడా.

మంగళవారం పొద్దున లేచేసరికి ఏదో తేడాగా ఉంది. అద్దాల కీచు లేదు. "పక్కకి, పక్కకి" లేదు. కిటికీలోంచి తొంగి చూస్తే వీధి పొడవునా షట్టర్లు మూసి ఉన్నాయి. ఒక కుక్క నడిరోడ్డు మీద నిశ్చింతగా ఒళ్లు విరుచుకుంటోంది.

ఆమె గబగబా కిందికి దిగింది. నాలుగు రోడ్ల దగ్గర నిలబడింది. ఒక మనిషి సైకిలు మీద వెళ్లాడు, అంతే. ఇదే. ఏడాది కిందట చూసిన పేట ఇదే. పరుగున గదికొచ్చి పాత నోటుబుక్కు తెరిచి, పేజీ మూలన తనే రాసుకున్న తేదీ చూసి, ఫోన్‌లో పాత క్యాలెండరు తీసి చూసింది. మంగళవారం.

నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది.

"లేచారా?" గుమ్మంలో బోర్డులబ్బాయి. "పైకి రండి. ఒకటి చూపించాలి."

మేడ మీదికి తీసుకెళ్లాడు. ఆఖరి మెట్టెక్కి ఆమె ఆగిపోయింది.

పేటంతా అక్కడుంది. ఒక్కో మేడ మీదా ఒక్కో కుటుంబం. టార్పాలిన్లు, పాత దుప్పట్లు కట్టిన నీడలో చాపలు, కుర్చీలు. అద్దాలు కోసేవాళ్లు పేకాడుతున్నారు. గుండీల ముసలాయన మనవరాలి చేత జుట్టుకి రంగు వేయించుకుంటున్నాడు. ఈ మేడ వాళ్లు ఆ మేడ వాళ్లతో కబుర్లు చెప్పుకుంటున్నారు, మధ్యలో తాడు మీద బుట్టల్లో వస్తువులు అటూ ఇటూ ప్రయాణం చేస్తున్నాయి. కింద వీధిలోంచి చూస్తే పిట్టగోడలు తప్ప ఏమీ కనబడవు.

"మంగళవారం మా పేటకి సెలవు. ఆరు రోజులు కింద ఉంటాం, ఏడో రోజు పైన ఉంటాం. మా తాతల నాటి నుంచీ ఇంతే," అన్నాడు. కింద వీధి వైపు చూపించి, "పోయిన ఏడాది ఒక మంగళవారం సాయంత్రం నేను ఇక్కడే కూర్చున్నాను. కింద నాలుగు రోడ్ల దగ్గర ఒకమ్మాయి గొడుగేసుకుని నిలబడి ఉంది. పసుపు పచ్చ గొడుగు. గంటసేపు కదల్లేదు."

ఆమె పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసింది.

"ఎవరి కోసమో ఎదురుచూస్తోంది పాపం, వాళ్లు రాలేదు అనుకున్నాం. అత్త మంచినీళ్లు ఇచ్చి రమ్మంది. నేను సీసా పట్టుకుని మూడంతస్తులు దిగేసరికి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. మొహం చూడనేలేదు. గొడుగు కిందుంటే పైవాళ్లకి మొహం కనబడదుగా."

"కిందివాళ్లకి మేడలూ కనబడవు," అంది ఆమె నెమ్మదిగా.

"అదే నేనూ అనుకున్నాను, శనివారం."

ఆ సాయంత్రం ఆమె ఐదో గదిలో కూర్చుని కొత్తగా రాసింది. బాగా రాసింది. అద్దాల వీధి, గుండీల వీధి, ఒంటి మనిషి సందు, మంగళవారం మేడలు, లాడ్జి అత్త టీ అన్నీ వచ్చాయి. మొదటి వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. ఆగి, 'ఏడాది కిందటి దాకా నిద్రపోయిన ఈ పేట ఈ మధ్యే మేల్కొంది' అని రాసింది. అలా రాస్తే పాతదీ తప్పు కాదు, కొత్తదీ తప్పు కాదు. తప్పొప్పుల పేజీ అక్కర్లేదు. వీధులు తనవిగానే ఉంటాయి.

సంబరంగా కాగితం తీసుకెళ్లి అతనికిచ్చింది. అతను మెట్ల మీద కూర్చుని చదివాడు. చదువుతూ చదువుతూ రెండుసార్లు నవ్వాడు. తర్వాత మళ్లీ మొదటి వాక్యం దగ్గరికి వెళ్లాడు.

"ఈ మధ్యే మేల్కొంది ఎవరండీ? మా అత్త ముప్పై ఏళ్లుగా ఐదింటికి లేస్తోంది."

"అది... రాసే పద్ధతి."

"మీరు నాలుగు రోడ్ల దగ్గర తప్పు చూశారు. దానికి నాకు కోపం లేదు. తెలియక రాశారు." కాగితం మడతలు సరిచేసి ఆమె చేతికిచ్చాడు. "ఇది తెలిసి రాశారు."

"మూడోది పడితే నన్నేం చేస్తారో మీకు చెప్పాను కదా."

"చెప్పారు. అందుకే శనివారం నుంచీ నోరు మూసుకున్నాను. నేను చెప్తే బలవంతం చేసినట్టుంటుంది, మీకే తెలిసి మీరే రాస్తారు అనుకున్నాను." లేచి నిచ్చెన భుజాన వేసుకున్నాడు. సెలవు రోజు ఆ నిచ్చెనతో పనేమిటో అతనికే తెలియాలి. "మంచి గదే ఇచ్చాం కదండీ. పడుకోండి."

బుధవారం ఆమె తెల్లవారగానే సూట్‌కేసు సర్దుకుంది. అత్త ఏమీ అడగలేదు. ఫ్లాస్కులో టీ పోసిచ్చింది. "ఫ్లాస్కు నాది. తిరిగివ్వడానికి రావాలి," అంది.

మేడమ్ అద్దాల గదిలో రెండు కాగితాలు చదివింది. ఒకటి పేట గురించి, మొదటి వాక్యం కొట్టేసి ఉంది. రెండోది చిన్నది. 'పోయిన ఎడిషన్ ఎనభై నాలుగో పేజీలో రాసినది తప్పు. నేను ఆ పేటకి వెళ్లింది మంగళవారం. మంగళవారం వాళ్లకి సెలవు. ఎవరినీ అడగకుండా రాశాను. తల ఎత్తి చూడలేదు.'

మేడమ్ కళ్లజోడు తీసింది. "ఈ రెండోది ఇవ్వకపోయినా ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలుస్తుంది కదా మేడమ్."

"ఇంకెవరికైనా కూడానా?"

ఆమె మొహం సిగ్గుతో కందగడ్డలా అయింది. మేడమ్ ఇక గుచ్చి అడగలేదు.

"రూలు రూలే. వచ్చే నెల నుంచి డెస్కు. డెస్కు వాళ్లకి ఆఫీసు బస ఇవ్వదు, నీ చోటు నువ్వే చూసుకోవాలి. వారంలో ఒక సెలవు. ఏ రోజు కావాలి?"

"మంగళవారం," అంది ఆమె, ఆలోచించకుండానే.

వీధులు పోయినందుకు ఏడుపు రాలేదని అంటే అబద్ధం. ఆ రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చింది. డెస్కుకి మారాక ప్రూఫులు దిద్దడం నేర్చుకుంది. తల కిందులుగా పెట్టి చూస్తే తప్పులు బాగా దొరుకుతున్నాయి. ఆఫీసులో వాళ్లు వింతగా చూసినా ఆమె మానలేదు. బస మాత్రం ఆఫీసులో పనిచేసే ఒక స్నేహితురాలి గదిలో, ఇవాళా రేపూ అంటూ రెండు నెలలు గడిపింది. అతనికి ఫోన్ చేయాలని రోజుకి నాలుగుసార్లు అనుకుంది. పుస్తకం రాకముందు చేస్తే, పోయింది చూపించి జాలి పుట్టించినట్టుంటుందని ఊరుకుంది.

పుస్తకం వచ్చింది. వచ్చిన మూడు వారాలకి, ఒక మంగళవారం సాయంత్రం, ఆమె సూట్‌కేసు, ఫ్లాస్కు పట్టుకుని నాలుగు రోడ్ల దగ్గర బస్సు దిగింది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. పసుపు పచ్చ గొడుగు తెరిచి నిలబడింది. ఒక నిమిషం అలాగే నిలబడి, గొడుగు పక్కకి తీసి తల ఎత్తి చూసింది.

లాడ్జి మేడ పిట్టగోడ దగ్గర ఒక తల కనబడి, మాయమైంది. మెట్ల మీద దబదబా చప్పుడు మొదలైంది.

అతను మంచినీళ్ల సీసాతో రోడ్డు మీదికొచ్చాడు. ఆయాసపడుతున్నాడు. చెవి వెనక బ్రష్షు యథాప్రకారం ఉంది.

"ఈసారి అందుకున్నాను," అన్నాడు.

"ఈసారి ఎవరి కోసం ఎదురుచూస్తున్నానో నాకు తెలుసు కాబట్టి," అంది ఆమె. అని, తనే ఉలిక్కిపడింది. మాట అంత సులువుగా బయటపడుతుందని అనుకోలేదు.

అతను సీసా మూత తీయబోయి, బిగించి, మళ్లీ తీశాడు.

"తప్పొప్పుల పేజీ చదివాను. నాలుగు వాక్యాలు తిట్టారు, ఐదు వాక్యాలు సరిదిద్దారు. ఒక వాక్యం మాకు మిగిలింది." నవ్వబోయి మానేశాడు. "వీధులు పోయాయి కదా మీకు."

"పోయాయి. డెస్కు వాళ్లకి బస కూడా ఇవ్వరు. అందుకే వచ్చాను. ఐదో గది కావాలి. వారానికని కాదు, ఎప్పటికీ."

అతను ఇబ్బందిగా లాడ్జి వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. గుమ్మంలో బోర్డు గాలికి కిర్రుకిర్రుమంటోంది. మూడేళ్లు ఎండ తగలని అక్షరాలు, నిన్న రాసినంత ఎర్రగా ఉన్నాయి. 'ఖాళీ లేదు.'

"మీరే నింపేశారు," అన్నాడు. "ఎనిమిదికి ఎనిమిదీ. వచ్చే నెల దాకా."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగేళ్లలో మొదటిసారి తన కోసం ఒక చోటు అడిగింది. తన రాతే అడ్డం కూర్చుంది.

"ఏమిట్రా అక్కడ మంతనాలు?" మేడ మీద నుంచి అత్త గొంతు. పక్క మేడల మీద పేకాట ఆగింది. గుండీల ముసలాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఖాళీ లేనిది లాడ్జిలోనమ్మాయ్. ఇంట్లో ఉంది. రెండు నెలల నుంచీ ఆ బోర్డు దాచుకు కూర్చున్నాడు, మొద్దు వెధవ. చూపించరా."

బోర్డులబ్బాయి చెవుల దాకా ఎర్రబడి, లాడ్జి పక్కనున్న తన కొట్లోంచి ఒక చెక్క పలక తెచ్చాడు. ఇంటి గుమ్మానికి తగిలించే నేమ్‌బోర్డు. పైన అత్త పేరు. దాని కింద అతని పేరు. అతని పేరు పక్కన సుద్దతో గీసిన రెండు సన్నటి గీతలు, వాటి మధ్య ఖాళీ.

"మీ పేరులో అక్షరాలెన్నో తెలుసు కాబట్టి కొలత సరిగ్గానే ఉంటుంది," అన్నాడు పలక వైపే చూస్తూ. "రాయమంటేనే రాస్తాను. సుద్ద గీతలు చెరిపెయ్యడం ఎంతసేపు. మీరంటే నాకు ఇష్టమండీ. బోర్డు మీద రాయడం వచ్చింది కానీ, నోటితో చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది."

ఆమె పలక చేతిలోకి తీసుకుంది. నడిరోడ్డు మీద, పేటంతా పై నుంచి చూస్తుండగా, నడుం వంచి తల కిందులుగా పెట్టి ఆ బోర్డుని చూసింది.

"ఒంకర ఎక్కడా లేదు," అంది. "రాయండి."

మేడల మీద నుంచి ఈలలు వినిపించాయి. అత్త "ముందు ఆ పిల్లని నీడలోకి తీసుకురా" అని కేకేసింది. ఆ గోలలోనే ఆమె సంచిలో ఫోన్ మోగింది.

"ఇప్పుడెక్కడున్నావే?" అంది అమ్మ, హలో అనకుండా.

"చెప్తాను, రాసుకో. పెన్సిలు పక్కన పెట్టు," అంది ఆమె. "పెన్నుతో రాసుకో అమ్మా."